గేర్‌బాక్సు కింది పళ్లెం

మే 3, శనివారం

నేను ప్రేమలో పడ్డానని మా ఇంట్లో తీర్మానం అయిపోయింది. నన్నెవరూ అడగలేదు. రోజూ పదకొండింటికి ఫోను పట్టుకుని వరండాలోకి పోతున్నానట. గొంతు తగ్గించి మాట్లాడుతున్నానట. లోపలికి వచ్చేటప్పుడు నా మొహం వెలిగిపోతోందట. ఇవాళ అమ్మ నా ఫోను లాక్కుని పేరు చదివింది.

"యజ్ఞనారాయణ ఎవలే?"

"బెజవాడల విడిభాగాల దుకాణమాయన. బండి గేర్‌బాక్సుకు చాంబర్ కావాలె గద, ఆయన్ని అడుగుతున్న."

"పేరు మార్చి పెట్టుకుంటే నాకు తెల్వదనుకున్నవా? గుడ్డిదాన్ని అనుకున్నవా? ఆంధ్ర పిలగాడైతే ఆంధ్ర పిలగాడే, చెప్పు. మీ బాపుకు నేను నచ్చజెప్త."

యజ్ఞనారాయణ గారికి అరవై దాటి ఉంటాయి. మాట మధ్యలో దగ్గొస్తుంది, ఆగి "క్షమించాలండి" అంటారు. నా మొహం వెలిగిన మాట మాత్రం నిజం. నిన్న ఆయన పంపిన ఫొటోలో నూనె వదిలే బోల్టు ఆ చాంబర్ అడుగున బయటికి పొడుచుకు రాలేదు. మూలకు, లోపలికి ఒదిగి ఉంది. రాయి తగలదు. అది చూసి నవ్వాను. ఇరవై ఐదేళ్ల పిల్ల ఒక బోల్టు ఉన్న చోటు చూసి సంబరపడిందంటే వీళ్లు నమ్మరు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివించింది మాత్రం వీళ్లే.

బాపు మంచం మీద ఎడమ కాలు అటు నుంచి ఇటు మార్చుకున్నాడు. రెండేళ్ల కింద గనిలో బొగ్గు మోసే ఇనుప టబ్బు ఎక్కిన చీలమండ అది. ఆ కాలితో క్లచ్ తొక్కలేడనే క్లచ్ లేని ఆటోమేటిక్ పికప్ కొన్నాం, బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర. కంపెనీలో డ్యూటీ చేసేవాడు అదే కంపెనీ క్వారీలో బండి తిప్పకూడదు కాబట్టి బండి నా పేరు మీద ఉంది.

వేణు ఒక్కడే నా పక్షం. "ఊకో అమ్మా, అక్కకు బండి పిచ్చి, పిలగాని పిచ్చి గాదు" అన్నాడు. ఈ ఇంట్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకునేది మా తమ్ముడే. ఇరవయ్యో తారీఖున నన్ను పెద్దపల్లి రవాణా ఆఫీసుకు కూడా తనే తీసుకుపోతాడట. కంపెనీ క్వార్టరు ఖాళీ చేస్తాం కదా, లైసెన్సులో అడ్రసు మార్పించాలట. ఆ సంగతి నాకే గుర్తు లేదు.

దానికి ముందు రోజు, పందొమ్మిదిన, వెల్ఫేర్ ఆఫీసులో నా సంతకం. మెడికల్ బోర్డు బాపును అన్‌ఫిట్ చేసింది కాబట్టి ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. అది వేణుకు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదని ఆఫీసరు ముందు రాసివ్వాలి. ఇస్తాను. ఫిబ్రవరిలోనే అందరం కూర్చుని అనుకున్నాం: ఉద్యోగం వాడిది, బండి నాది. బాపు నా తల మీద చెయ్యి పెట్టి అన్నాడు.

నాకు ఆ ఉద్యోగం అక్కర్లేదు. నిజంగానే అక్కర్లేదు.

మే 5, సోమవారం

ఆర్డరు పెట్టే ముందు కాగితం మీద పెట్టుకుంటే తల తేటపడుతుంది.

మార్చిలో డంపరు మీంచి జారిన బండరాయి క్వారీ రోడ్డు మీద పడి ఉంది. మా డ్రైవరు ఎల్లన్న బ్రేకు వేసేలోపే అది బండి కడుపుకు తగిలింది. గేర్‌బాక్సు కింద నూనె నిలిచే రేకు పళ్లెం, మెకానిక్కులు చాంబర్ అనేది, యజ్ఞనారాయణ గారు పాన్ అనేది, దానికి సొట్ట పడింది. చుక్క నూనె కారలేదు. కారలేదు కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. వారం తర్వాత ఎత్తు ఎక్కేచోట ఇంజను అరుస్తుంది, బండి కదలదు. సొట్ట పైకి లేచి లోపలి ఫిల్టరు నోటికి అడ్డం పడింది, నూనె అందడం లేదు. బిక్షం కాక దాన్ని విప్పి సుత్తితో కొట్టి సాపు చేశాడు. సొట్ట పోయింది, అంచు వంకరపోయింది, అప్పుడు కారడం మొదలైంది.

షోరూములో సరుకు లేదు. ఎప్పుడొస్తుందో చెప్పరు. ఇక బయటి తయారీయే గతి. మూడు చూశాను.

మొదటిది పోత అల్యూమినియం. లోతు ఎక్కువ, నూనె ఎక్కువ పడుతుంది, అడుగున రెక్కలు, వేడి తొందరగా దిగుతుంది. నగలా ఉంది. నేను దాని మీదే మనసు పడ్డాను. యజ్ఞనారాయణ గారే వద్దన్నారు.

"చూడ్డానికి బావుంటుందమ్మా. కొండలెక్కేవాళ్లు, వెనక ట్రైలర్ కట్టేవాళ్లు కొంటారు. మీరు బొగ్గు క్వారీలో తిప్పుతానంటున్నారు. ఇది అంగుళం కిందికి వేలాడుతుంది. పోత లోహం వంగదండి, పగులుతుంది."

"మరి చల్లగ ఉంచుతదన్నరు?"

"ఉంచుతుందండీ. పగిలేదాకా చల్లగానే ఉంచుతుంది."

ఆ మాటకు నవ్వాను. అమ్మ చూసింది ఇలాంటి నవ్వునే.

రెండోది పల్చటి రేకు. నొక్కితే బొటనవేలికే లొంగేలా ఉంది. ఇనుప పొడిని పట్టుకునే అయస్కాంతం కూడా ఇవ్వడు. మూడోది మందపాటి ఉక్కు. లోతు అసలు పాన్ అంతే, అంచు దళసరి, అయస్కాంతం ఉంది, బోల్టు మూలకు ఒదిగి ఉంది. అడుగు నుంచి అంచు దాకా స్టీలు స్కేలు నిలబెట్టి ఫొటో తీసి పంపమంటే ఆయన మూడు వైపుల నుంచి పంపారు. ఫిల్టరుకూ అడుగుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో లెక్కేసుకున్నాను. చాలు.

వేడికి మందుంది, బండి ఆపి చల్లార్చుకోవచ్చు. రాయి ఆ సందు ఇవ్వదు. ఉక్కుదే. కింద ఇంకో రక్షణ పలక కూడా.

మే 6, మంగళవారం

నలభై ఐదు డిగ్రీలు. ఆర్డరు పెట్టాను.

మే 8, గురువారం

"ఏం తొందర బిడ్డ, ఎండలు తగ్గనియ్యి" అన్నాడు బాపు.

"జూన్ ఒకటికి బండి లేకుంటే ఇంకో బండి పెట్టుకుంటమని కాంట్రాక్టరు మనిషి చెప్పిండు బాపు. రెండు నెల్లైంది ఎల్లన్న ఖాళీగ కూసోబట్టి."

బాపు గోడ వైపు తిరిగాడు. కాలు గుంజుతోందేమో. నూనె వేడి చేసి తెచ్చాను, వద్దన్నాడు.

అన్నం దగ్గర అమ్మ: "వాళ్లింట్ల నీసు తింటరా?"

"ఎవలింట్ల?"

"ఆ యజ్ఞనారాయణోళ్లింట్ల."

మే 10, శనివారం

పొద్దున ఆర్టీసీ కార్గోలో పార్శిలు వచ్చింది. స్కూటీ ముందు కాళ్ల మధ్య పెట్టుకుని రహదారి పక్కన బిక్షం కాక షెడ్డుకు పోయాను. విప్పి చూపిస్తే మురిసిపోతాడనుకున్నాను.

బండి జాకీ మీద లేదు. మూలకు, నీడలో ఉంది. కడిగి ఉంది. ముందు బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. మేం కట్టలేదు. అద్దం మీద మేం అతికించని స్టిక్కరు ఒకటి.

బిక్షం కాక చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, చాలాసేపు.

"నీకు జెప్పలేదా బిడ్డ?"

"ఏం జెప్పాలె?"

"పోశం పోయిన శుక్రారం వచ్చిండు. బండి తనదైందన్నడు. వాళ్ల అల్లుడు తిప్పుతడట. పాత చాంబర్‌కే ఏదన్న మైనం పెట్టి నడిచేటట్టు చెయ్యి, తర్వాత మేం జూస్కుంటం అన్నడు."

"ఎట్ల తనదైతది? బండి నా పేరు మీద ఉన్నది."

"కాయితాలు చూపిచ్చిండు బిడ్డ. అమ్మినట్టు ఫారాలు. నీ సంతకం ఉన్నది." మళ్లీ అన్నాడు, "నీ సంతకమే."

నేను కార్డుబోర్డు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియక దాన్ని తెరిచి చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు. కాక అంచు మీద వేలు పోనిచ్చి, "సరుకు మంచిగున్నది" అన్నాడు. ఇద్దరం కాసేపు దాన్నే చూశాం.

పోశం కాక. బోర్డు పోశం అంటారు. గనిలో పని మానేసి ఇరవై ఏళ్లు. అన్‌ఫిట్ రాయిస్తానని చెప్పి, మెడికల్ బోర్డుకు పోయే ప్రతి కార్మికుడి ఇంట్లో చాయ్ తాగుతాడు.

మే 10, మళ్లీ

నేను సంతకం పెట్టలేదు.

మే 11, ఆదివారం

నేను సంతకం పెట్టలేదు.

మే 11, సాయంత్రం

పెట్టానేమో.

ఏప్రిల్ పద్నాలుగు. నేను పిండి కలుపుతున్నాను. వేణు కాగితాల కట్ట తెచ్చి వంట గట్టు మీద పెట్టాడు. "బాపు పెన్షన్ కాయితాలు అక్కా, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ." చెయ్యి కడుక్కోలేదు, చీరకొంగుతో అమ్మ నా రెండు వేళ్లు తుడిచింది. వాడు వేలు పెట్టిన చోటల్లా పెట్టాను. ఎన్ని? ఏడా? తొమ్మిదా? మీద ఏం రాసుందో చూడలేదు.

గేర్‌బాక్సు మాన్యువల్ నూటపద్దెనిమిది పేజీలు చదివాను. ప్రతి బోల్టుకు ఎంత బిగింపో నోటికి వచ్చు. తమ్ముడు వేలు పెట్టిన చోట ఒక్క వాక్యం చదవలేదు. ఎవరినని ఏం లాభం? నా చెయ్యే.

పాన్ మంచం కింద ఉంది.

మే 12, సోమవారం

ఇవాళ అడిగాను. బాపు మంచం మీద, అమ్మ వాకిట్లో బియ్యం చాట ముందు, వేణు తలుపు దగ్గర ఫోనుతో.

"బండి ఎవలది బాపు?"

 అమ్మ చేతిలో బియ్యం ఆగిపోయాయి. ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు.  ముగ్గురికీ తెలుసు. ఈ ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే.

"పోశమన్న లేకుంటే బోర్డుల నన్ను వాపస్ పంపుతుండ్రి బిడ్డ" అన్నాడు బాపు. "గని బయట చౌకీదారు పని ఇస్తుండ్రి. అన్‌ఫిట్ కాకుంటే పిలగానికి నౌకరి యాడిది? పోశమన్న బండి అడిగిండు. ఇస్తనన్న."

"నాదని తల మీద చెయ్యి పెట్టినవ్."

"పెట్టిన."

అంతే అన్నాడు. పెట్టిన.

అమ్మ అందుకుంది. "నీకు జెప్తే లొల్లి జేస్తవని జెప్పలే. ఆ పల్లెం జూస్కుంట సంబురంగ ఉంటివి, ఎందుకు చెడగొట్టాలె అనుకున్న. ఎట్లైనా నువ్వు పెండ్లి చేస్కోని బెజవాడ పోతవ్. ఆడ నీకు ఈ బొగ్గుబండి ఎందుకు?"

అప్పుడు తెలిసింది నాకు, యజ్ఞనారాయణ గారిని వీళ్లు ఎందుకంత గట్టిగా పట్టుకున్నారో. నాకొక పిల్లగాడు ఉంటే బండి అవసరం ఉండదు. బండి అవసరం లేకపోతే వీళ్లు చేసింది తప్పు కాదు. ఆయన ఉండి తీరాలి.

"అమ్మా, ఆయనకు మనుమలున్నరు."

"అయ్యో!" అంది అమ్మ. నిజంగా బాధపడింది, నా కోసం.

వేణు వైపు చూశాను. "పెన్షన్ కాయితాలన్నవ్ గదరా."

"సంతకాలైనంక నేనే చెప్దామనుకున్న అక్కా."

"ఏ సంతకాలు?"

"పందొమ్మిదివి."

ఇరవైకి పెద్దపల్లి ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం వినాల్సి వస్తుంది.

మే 13, మంగళవారం

బాపు ఒక్కడే ఉన్నప్పుడు అడిగాను, బోర్డు గదిలో ఏం జరిగిందని.

"ఏం లేదు బిడ్డ. డాక్టరు ఎక్సరే చూసిండు. కాలు వట్టి చూసిండు. గొంతుకు కూసో అన్నడు. నాకు రాలే. పొమ్మన్నడు."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

"పోశం కాక ఏడున్నడు?"

"బయట. చాయ్ బండి కాడ."

ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనరు. పాసైనవాళ్లందరూ పోశం వల్లే అయ్యామంటారు. కానివాళ్లకు తీసుకున్నది మర్యాదగా తిరిగిచ్చేస్తాడు, అందుకే నమ్మకస్తుడని పేరు. ఆయన చెయ్యాల్సిందల్లా చాయ్ తాగుతూ ఎదురుచూడడమే. బాపు చీలమండ ఎలా ఉందో చూస్తే నేను కూడా అన్‌ఫిట్ రాస్తాను.

ఇదే చెప్పాను. బాపు విన్నాడు.

"గావచ్చు బిడ్డ. ఆయన చేసిండో, చెయ్యలేదో, ఎవలకెరుక? భయమైంది. ముప్పై ఏండ్లు బొగ్గుల పనిచేసిన, పై కప్పు ఎప్పుడు కూలుతదో నీళ్ల చప్పుడు విని చెప్పేటోన్ని. ఆ డాక్టరు మొహం జూసి ఏం చెప్పలేకపోయిన."

నాకు ఏడుపు రావాలి. రాలేదు.

మే 14, బుధవారం

బాపు పెట్టెలోంచి బండి ఆర్సీ కార్డు తీసుకుని బస్సులో పెద్దపల్లి పోయాను. ఇంట్లో చెప్పలేదు.

కౌంటరులో ఒక అక్క కంప్యూటరులో చూసి చెప్పింది: బండి ఇంకా నా పేరు మీదే ఉంది. పేరు మారాలంటే ఓనరు మనిషి వచ్చి ఫొటో దిగాలి, వేలిముద్ర పెట్టాలి. దానికి స్లాటు కూడా తీసి ఉంది. ఇరవయ్యో తారీఖు, పదకొండున్నర, సంతోషి.

"క్యాన్సిల్ చెయ్యాల్నా?"

"చెయ్యండి."

ఒక్క మీట నొక్కింది. ఇంత సులభమా అని ఆ కౌంటరు చెక్కను పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక ఆయన "జరుగమ్మా" అన్నాడు.

మే 16, శుక్రవారం

తెల్లారకముందే షెడ్డుకు పోయాను. ఎల్లన్నను రమ్మన్నాను. బిక్షం కాక పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు, విప్పనా వద్దా అని.

"పోశం లొల్లి పెట్టుకుంటడు బిడ్డ."

ఆర్సీ చూపించాను. రెండు వైపులా తిప్పి చూశాడు.

"కార్డు మీద ఎవల పేరుంటే వాళ్లదే బండి నాకు. ఎల్లన్నా, ఆ నిమ్మకాయలు తెంపు ముందు."

పాత పాన్ దించాడు. అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు పొడి, కాటుకలా. ముక్కలు లేవు. నేను ఊపిరి వదిలాను. లోపల పళ్లు బాగున్నాయి, అది కొంచెంగా అరిగిన గుర్తు, అంతే. కొత్త ఫిల్టరు, నూనె కారకుండా అంచు మధ్య పెట్టే కొత్త గాస్కెట్. కొత్త పాన్ ఎత్తి పెడితే బోల్టు రంధ్రాలన్నీ సూటిగా కుదిరాయి. యజ్ఞనారాయణ గారికి ఫొటో పంపాను. "శుభం" అని రాశారు.

బోల్టులు ఒక పక్క నుంచి వరసగా బిగించబోయాడు కాక. ఎదురెదురువి బిగించాలని చెప్పాను, లేకపోతే అంచు లేస్తుంది. నూనె పొయ్యడానికి మధ్యాహ్నం రమ్మన్నాడు, ముందు వేరే బండి పని చూసుకుంటానని.

"మధ్యాహ్నం వద్దు కాక. ఇంజను నడుస్తుండంగ, నూనె నలభై ఐదు డిగ్రీల లోపల ఉన్నప్పుడే మట్టం చూడాలె. పోయినసారి నువ్వు ఎండల నింపినవ్. నూనె ఉబ్బి పొంగింది, నిండిందనుకున్నవ్. అందుకే తక్కువ పడ్డది."

"నీడలనే నలభై ఐదుంటే నూనె అంతకు తక్కువ ఎట్లుంటది? ఆ పుస్తకం రాసినోడు గోదావరిఖని రాలే బిడ్డ."

"అందుకే పొద్దుగాల వచ్చిన."

ఎల్లన్న నవ్వాడు. ఆరున్నరకు మట్టం చూసే రంధ్రంలోంచి కారే సన్నటి ధార చుక్కలుగా మారింది, నూనె సరిపోయింది. బిగించేశాం. ఎనిమిదికి క్వారీ గేటు దగ్గర బండి నిలబెట్టాను. ఎత్తు మీద ఒక్కసారి కూడా అరవలేదు. కాంట్రాక్టరు మనిషి చుట్టూ తిరిగి చూసి ఇవాళ్టి నుంచే డ్యూటీ రాసుకున్నాడు. ఎల్లన్న స్టీరింగు మీద చెయ్యి వేసి, "పని దొరికింది సంతోషమ్మా" అన్నాడు.

తిరిగి వస్తూ ఆటోలో అనుకున్నాను: బండి దక్కింది. ఇక పందొమ్మిదిన సంతకం పెట్టేస్తాను. అప్పటి ఒప్పందం అదే కదా. వేణు చిన్నవాడు. నేనూ చదవకుండా పెట్టాను, నా తప్పూ ఉంది. పెట్టేస్తాను.

మే 18, ఆదివారం

పోశం కాక వచ్చాడు. తెల్ల చొక్కా. చెప్పులు వాకిట్లో పద్ధతిగా విడిచాడు. అమ్మ చాయ్ ఇచ్చింది, ఇవ్వకుండా ఉండలేకపోయింది.

"ఏం సంతోషి, ఇంజనీరు సద్విన బిడ్డవు. మాట మీద నిలబడాలె గద."

"నేను మాటియ్యలే కాక."

"సంతకం పెట్టినవ్. మాటకంటే ఎక్కువ." జేబులోంచి ఫారాలు తీసి మోకాలి మీద పరిచాడు. "బండి రేపటికల్ల నా వాకిట్ల ఉండాలె. లేకుంటే బోర్డును మళ్ల కూసోబెడ్త. మీ బాపు రఘుపతి కాలు మంచిగైందని రాపిస్త. నన్నెరుగవు నువ్వు."

బాపు మొహం పాలిపోయింది. అది చూసి నాకేమైందో తెలియదు.

"రాపియ్యి కాక. బాపూ, లేచి నడువు. తలుపు దాక నడువు. కాక చూస్తడు."

"వద్దే" అంది అమ్మ.

బాపు లేచాడు. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేశాడు. ఎడమ పాదం పక్కకు తిరిగిపోయి నేలను రాసుకుంటూ వచ్చింది. అయిదో అడుగుకు ఆగి నా వైపు చూశాడు, ఇంకా నడవాలా అన్నట్టు. పోశం కాక చాయ్ గ్లాసులోకి చూశాడు.

మా బాపును నేను నడిపించాను. బయటివాడి ముందు. ఇది నేనే చేశాను.

పోశం కాక లేచి, "ఇంటి సంగతి ఇంట్ల తెంపుకోండ్రి, రేపు వస్త" అని పోయాడు. ఫారాలు మడిచేలోపు నేను చూశాను. నా సంతకమే. కానీ ఏప్రిల్ పద్నాలుగున నా వేళ్లకు పిండి ఉంది, పెన్ను జారుతోంది, అక్షరాలు కుంటి నడక నడిచాయి. ఇవి చక్కగా ఉన్నాయి.

మధ్యాహ్నం వేణు బయటికి పోయాక వాడి సర్టిఫికెట్ల ఫైలు తీశాను. పదో తరగతి మెమోకూ కుల ధ్రువీకరణకూ మధ్య ఒక రూళ్ల కాగితం. రెండు వైపులా నా పేరు. పైనుంచి కింది దాకా. మొదటివి వంకర. తర్వాత నా పేరు చివరి మెలిక దొరికింది వాడికి. చివరివి నావాటికంటే బాగున్నాయి.

నలభై మూడు. లెక్కపెట్టాను, రెండుసార్లు.

వాడు వచ్చేదాకా ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏందిరా ఇది?"

చూశాడు. చొక్కా గుండీ పట్టుకున్నాడు.

"అక్కా..."

"నాతోని పెట్టిచ్చిన కాయితాలల్ల బండి ఫారాలు లేవా?"

"లెవ్వు. అవి పెన్షన్‌వే."

"ఫారాల మీద ఎవలు పెట్టిండ్రు?"

"నువ్వు పెట్టవని తెలుసక్కా. బాపు ఫికర్ జూడలేక..." ఏడవడం మొదలుపెట్టాడు. చిన్నప్పటి ఏడుపే, ముక్కుతో. "రేపు ఒక్కటి పెట్టక్కా. ఆఫీసరు ముందు పెట్టాలె, అది నాతోని గాదు. ఒక్కటి పెట్టు, ఇగ ఎప్పుడు ఏం అడుగ."

అది నాతోని గాదు.

వారం రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. చదవకుండా పెట్టానని, నా చెయ్యేనని. వీడు వారం రోజులు చూస్తూ ఊరుకున్నాడు. సోమవారం నేను "పెన్షన్ కాయితాలన్నవ్ గదరా" అంటే, అవి పెన్షన్ కాగితాలే అని తెలిసీ, నా తప్పే అనుకోనిచ్చాడు. ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు.

నన్ను సరిగ్గా అర్థం చేసుకునేది వీడేనని రాశాను. పదిహేను రోజుల కింద. ఈ డైరీలోనే.

మే 19, సోమవారం

ఏడైంది. పదిన్నరకు వెల్ఫేర్ ఆఫీసు.

వేణు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. అమ్మ నాకు పచ్చ చుడీదార్ తీసి పెట్టింది, దువ్వెన తెచ్చి పక్కన పెట్టింది. బాపు ఒక్కసారి పిలిచాడు. దగ్గరికి పోతే, "నీ ఇష్టం బిడ్డ" అన్నాడు. నిన్న నడిచినందుకు కాలు వాచింది.

నేను పెట్టకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. బాపు జీతం ఏప్రిల్‌తో అయిపోయింది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి, ఇక ఇంటిని మొయ్యాల్సింది నా బండే. వేణుకు ఇరవై ఒకటి, వాడికి ఇంకో దారి లేదని వాడూ అనుకుంటున్నాడు, ఊరూ అనుకుంటోంది. పోశం కాక ఇవాళ మళ్లీ వస్తాడు. ఇవన్నీ రాత్రంతా ఒక్కొక్కటే చూసుకున్నాను. కోపంతో చేస్తున్నావంటారు. అవును, కోపంతోనే.

ఆఫీసుకు పోతాను. అభ్యంతరం ఉందా అని ఆఫీసరు అడుగుతాడు. ఉంది అంటాను.

సంతకం పెట్టను.